ఉమ్మెత్త తిన్నవాడికి కనబడే మనుషులు

వినాయక చవితికి ముందురోజు కోనసీమ ఊళ్ళలో పిల్లలు పత్రి కోసం కాలవగట్లంట తిరుగుతారు. పూజలో పెట్టే 21 పత్రుల్లో దత్తూర పత్రం ఒకటి. అదే మన ఉమ్మెత్త. పొడుగాటి పువ్వు, ముళ్ళ కాయ. దిబ్బల మీద, చేలగట్ల మీద, పాడుబడ్డ గోడల పక్కన ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. ఆకు కోసుకోనిస్తారు గానీ కాయ జోలికి పోవద్దని, కోశాక చేతులు కడుక్కోమని పెద్దవాళ్ళు కేకలేస్తారు. ఆ కేకలకి కారణం ఉంది. ఆ కాయలోని గింజలు కడుపులోకి వెళితే మనిషి ఎదురుగా లేనివాళ్ళతో మాట్లాడతాడు. గాలిలోంచి ఏదో ఏరుతుంటాడు. చేతిలో లేని చుట్టను వెలిగించి పొగ వదులుతాడు.

ఎల్‌ఎస్‌డి అనే మత్తు రసాయనం తీసుకున్నవాడికి కనబడేది ఇలా ఉండదు. రంగులు ముదురుతాయి, గోడలు ఊపిరి తీస్తున్నట్టు కదులుతాయి, కళ్ళు మూసుకుంటే వలలు, సుడులు, సొరంగాలు కనబడతాయి. ఇదంతా తాను తీసుకున్నదాని ప్రభావమేనని చాలావరకు అతనికి తెలుస్తూనే ఉంటుంది. ఉమ్మెత్త తిన్నవాడికి ఆ ఎరుక ఉండదు. పక్కన కూర్చున్న మేనమామ నిజంగా అక్కడే ఉన్నాడు, అంతే.

ఈ రెండింటినీ మనం "మత్తెక్కి ఏవేవో కనబడ్డాయట" అని ఒకే గాటన కట్టేస్తాం. మెదడులో జరిగే పని మాత్రం రెండు చోట్లా వేరు. ఆ తేడా అర్థమైతే, అసలు చూపు ఎలా తయారవుతుందో కూడా అర్థమవుతుంది. ఏ మత్తూ ముట్టని మన ఇళ్ళలోని ముసలివాళ్ళకి లేని మనుషులు ఎందుకు కనబడతారో కూడా తెలుస్తుంది. ఇలాంటివాళ్ళకి గాలి సోకిందనో, పిచ్చెక్కిందనో తేల్చేసి ఆసుపత్రికి వెళ్ళాల్సిన గంటల్ని పోగొట్టుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

కంటి కబురు, మెదడు అంచనా

కంట్లో వెలుగుని పట్టే రాడ్ కణాలు సుమారు 12 కోట్లు, కోన్ కణాలు సుమారు 60 లక్షలు ఉంటాయి. కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరంలో ఉండే పోగులు మాత్రం 10 లక్షలకి కాస్త అటూ ఇటూ. అంటే కంట్లో పడినదంతా మెదడుకి చేరదు, కన్నే దాన్ని చాలా కుదించి పంపిస్తుంది. పైగా స్పష్టంగా కనబడేది చూపు మధ్యభాగం ఒక్కటే. చెయ్యి బారుగా చాపితే బొటనవేలి గోరు ఎంత వెడల్పు ఉంటుందో సుమారుగా అంత. మిగతాదంతా మసకే. కన్ను సెకనుకి మూడుసార్ల దాకా ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతుంది, దూకుతున్న ఆ క్షణంలో కనబడేది దాదాపు ఏమీ ఉండదు. నరం బయటికి వెళ్ళేచోట వెలుగుని పట్టే కణాలే లేవు, అక్కడ ప్రతి కంట్లోనూ ఒక గుడ్డిచుక్క ఉంటుంది.

అయినా గోదావరి గట్టు మీద నిలబడితే నది, పడవ, అవతలి ఒడ్డు అన్నీ ఎక్కడా చిరుగు లేకుండా కనబడతాయి. ఆ చిరుగులన్నీ కుట్టి ఇచ్చేది మెదడు.

ఎలా కుడుతుంది? ముందే ఒక అంచనా వేసుకుని. కంటి నుంచి వచ్చే సంకేతాలు మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే మజిలీలో ఆగి, తల వెనకభాగంలోని మెదడు పైపొరకి చేరతాయి. ఆ మజిలీలో కంటి సంకేతాలు అందుకునే చోటికి వచ్చే కనెక్షన్లని లెక్కపెడితే, కంటి నుంచి నేరుగా వచ్చేవి పదోవంతుకి మించవు. పైపొర నుంచి వెనక్కి దిగి వచ్చేవి అంతకన్నా చాలా ఎక్కువ. అంటే "ఇది కనబడుతోంది" అని కన్ను పంపే కబురు కన్నా, "ఇది కనబడాలి" అని మెదడు పంపే కబురుకే అక్కడ దారులు ఎక్కువ. చూడటం అంటే మనకు తెలియకుండానే మెదడు వేసే అంచనా అని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు.

తాడుని చూసి పామనుకోవడం మన వేదాంతులు ఎప్పటినుంచో చెబుతున్న ఉదాహరణ. అది ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. పొద్దు గుంకాక కొబ్బరితోటలో నడుస్తున్నాం. వెలుగు లేదు, కంటి కబురు బలహీనం. తోటలో పాములుంటాయన్న అంచనా బలంగా ఉంది. కాలి దగ్గర వంకరగా పడున్న కొబ్బరితాడు పామై కనబడుతుంది, ఒక్కోసారి కదిలినట్టు కూడా. సెల్‌ఫోన్ లైటు వేయగానే కంటి కబురు బలపడుతుంది, అంచనా వెనక్కి తగ్గుతుంది, తాడు తాడులా కనబడుతుంది. మన మెలకువ గడియలన్నిటిలో ఈ అంచనాకీ ఆ కబురుకీ మధ్య బేరం నడుస్తూనే ఉంటుంది. భ్రాంతి కలిగించే రసాయనాలు చేసేది ఈ బేరంలో వేలు పెట్టడం. ఏ రసాయనం ఎవరి పక్క వేలు పెడుతుందన్నదాన్ని బట్టి కనబడేవి మారతాయి.

సెరటోనిన్ తాళంలో ఇరుక్కునే అణువు

స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో సాండోజ్ అనే మందుల కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డిని తయారుచేశాడు. రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ అనే బూజులోని పదార్థాల మీద పని చేస్తుండగా పుట్టింది అది. ఐదేళ్ళు పక్కన పడి ఉంది. 1943 ఏప్రిల్ 16న మళ్ళీ తయారుచేస్తుంటే ఎలాగో కొంచెం ఆయన ఒంట్లోకి వెళ్ళి, వింత రంగులు కనబడ్డాయి. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 19న, కావాలనే 250 మైక్రోగ్రాములు తీసుకున్నాడు. గ్రాములో నాలుగువేలవ వంతు. సైకిలు మీద ఇంటికి వెళుతుంటే దారంతా వంకరపోయింది, ఎంత తొక్కినా ముందుకు కదలనట్టు అనిపించింది. పక్కింటావిడ మంత్రగత్తెలా కనబడింది. డాక్టరొచ్చి చూస్తే, కంటిపాపలు పెద్దవి కావడం తప్ప ఒంట్లో వేరే తేడా ఏమీ దొరకలేదు.

అంత చిన్న మోతాదు అంత పని చేయడానికి కారణం దాని ఆకారం. మన ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం ఉంటుంది. దానిలో తొంభై శాతం పేగుల్లోనే ఉంటుంది, మెదడులో ఉండేది కొద్దిగానే. ఆ కొద్దిపాటి సెరటోనిన్ న్యూరాన్లనే మెదడు కణాల మీద తాళాల్లా ఉండే రిసెప్టర్లకి అతుక్కుని పని చేస్తుంది. ఈ రిసెప్టర్లలో పద్నాలుగు రకాలున్నాయి. వాటిలో 2ఏ అనే రకం మన కథకి కీలకం. మెదడు పైపొరలో, ముఖ్యంగా ఐదో వరసలో ఉండే పెద్ద న్యూరాన్ల మీద, ఇవి దట్టంగా ఉంటాయి. ఎల్‌ఎస్‌డి, కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్, మెక్సికో ఎడారి నాగజెముడులో ఉండే మెస్కలిన్ మూడూ ఈ 2ఏ రిసెప్టర్‌నే తట్టి లేపుతాయి. ఆ రిసెప్టర్‌ని ముందే కెటాన్సెరిన్ అనే మందుతో మూసేసి సైలోసిబిన్ ఇస్తే భ్రాంతులు రావని జ్యూరిక్ పరిశోధకులు 1998లో చూపించారు. దోషి ఎవరో తేల్చిన ప్రయోగం అది.

ఎల్‌ఎస్‌డి ప్రభావం ఎనిమిది నుంచి పన్నెండు గంటల దాకా ఎందుకు ఉంటుందన్నది చాలాకాలం అంతుపట్టలేదు. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు సెరటోనిన్ రిసెప్టర్‌లో ఎల్‌ఎస్‌డి కూర్చున్న తీరుని ఎక్స్‌రేలతో చూశారు. అణువు లోపలికి దిగాక రిసెప్టర్‌లోని ఒక భాగం దానిమీద మూతలా వాలిపోతోంది. లోపలున్నది ఇక తేలిగ్గా బయటికి రాదు.

సొరంగాలు, సుడులు, సాలెగూళ్ళు

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టేసిన సంగతి ఇక్కడుంది. 1920లలో హైన్రిక్ క్లూవర్ అనే మనస్తత్వవేత్త మెస్కలిన్ తీసుకున్నవాళ్ళు చెప్పినవన్నీ పోగేశాడు, తను కూడా తీసుకుని చూశాడు. మనుషులు వేరు, దేశాలు వేరు, నమ్మకాలు వేరు. కనబడే ఆకారాలు మాత్రం తిరిగి తిరిగి నాలుగు రకాల్లోనే పడుతున్నాయి: తేనెపట్టు గళ్ళు, సాలెగూళ్ళు, సొరంగాలు, సుడులు. ఇవి మెస్కలిన్‌కే పరిమితం కూడా కాదు. మైగ్రేన్ తలనొప్పి ముందు, తీవ్రమైన జ్వరంలో, నిద్రలోకి జారేముందు కూడా ఇవే కనబడతాయి.

ఎందుకు ఇవే? జవాబు మెదడు చూపుని ఎలా పరుచుకుంటుందన్న దాంట్లో ఉంది. తల వెనకభాగంలో చూపుకి మొదటి మజిలీ అయిన పైపొర భాగాన్ని వీ-వన్ అంటారు. కంటి ముందున్న దృశ్యం అక్కడ పటంలా పరుచుకుంటుంది, కానీ కొలతలు సరిగ్గా ఉండవు. గోదావరి డెల్టా పటం గీస్తూ అమలాపురానికి సగం కాగితం ఇచ్చేసి, రాజోలు, ముమ్మిడివరం, నరసాపురం, భీమవరం అన్నిటినీ అంచుల్లో ఇరికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ పటం. చూపు మధ్యలో పడే చిన్న చోటుకి బోలెడంత స్థలం, అంచులకి కొంచెం. ఇలా సాగదీసినప్పుడు గీతలు మారిపోతాయి. కంటి ముందు ఒకదాని చుట్టూ ఒకటి ఉన్న వలయాలు ఆ పటంలో ఒకవైపుకి సాగే సమాంతర గీతలవుతాయి. మధ్య నుంచి బయటికి విచ్చుకునే కిరణాలు వాటికి అడ్డంగా ఉండే గీతలవుతాయి. సుడి తిరిగే ఆకారం ఏటవాలు గీతలవుతుంది.

దీన్ని తిరగేసి చూడండి. కంటి నుంచి ఏమీ రాకపోయినా, వీ-వన్‌లోని న్యూరాన్లు వాటంతటవే సమాంతర గీతల్లా వెలిగాయనుకుందాం. ఆ గీతలు మనకి గీతల్లా కనబడవు, సొరంగంలా కనబడతాయి. ఏటవాలుగా వెలిగితే సుడి కనబడుతుంది.

న్యూరాన్లు అలా బారులు తీరి ఎందుకు వెలుగుతాయి? ఒక్కో న్యూరాన్ తన పక్కవాటిని రెచ్చగొడుతుంది, కాస్త దూరంలో ఉన్నవాటిని అణుస్తుంది. ఈ రెండూ సరిగ్గా తూగినంతసేపు పైపొర నెమ్మదిగా ఉంటుంది. రెచ్చగొట్టే పక్క కాస్త మొగ్గితే, అలజడి ఒక క్రమంలో సర్దుకుని చారలుగానో చుక్కలుగానో ఏర్పడుతుంది. జంతువుల చర్మం మీద చారలు, మచ్చలు ఎలా వస్తాయో వివరించడానికి అలన్ ట్యూరింగ్ 1952లో ఇలాంటి లెక్కే వేశాడు. బార్డ్ ఎర్మెన్‌ట్రౌట్, జాక్ కోవన్ అనే గణితవేత్తలు 1979లో ఆ లెక్కని మెదడుకి వర్తింపజేశారు. క్లూవర్ చెప్పిన ఆకారాల్లో సొరంగాలు, సుడులు ఆ సమీకరణాల్లోంచి వచ్చాయి. వీ-వన్‌లో గీతల వాలుని గుర్తుపట్టే ప్రత్యేక న్యూరాన్లుంటాయి. 2001లో కోవన్, ఇంకొందరు కలిసి వాటిని కూడా లెక్కలోకి తీసుకున్నాక సాలెగూళ్ళు, తేనెపట్లు కూడా సరిగ్గా కుదిరాయి.

కాబట్టి ఆ సొరంగాన్ని చూసి పరలోకానికి దారి తెరుచుకుందని ఎవరైనా చెబితే, వాళ్ళకి కలిగిన అనుభూతిని నేను తక్కువ చేయను. చూసిన ఆకారం మాత్రం వాళ్ళ తల వెనకభాగం అల్లికదే.

దీనికి ఏ మందూ అక్కర్లేని సాక్ష్యం కూడా ఉంది. రావులపాలెం నుంచి అమలాపురం బస్సులో సాయంత్రం పూట కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నవాళ్ళు గమనించే ఉంటారు. కొబ్బరిమట్టల సందుల్లోంచి ఎండ టకటకా కొడుతుంటే రెప్పల వెనక రంగుల గళ్ళు, చుక్కలు పుడతాయి. బ్రయాన్ గైసిన్ అనే చిత్రకారుడికి 1958లో ఫ్రాన్స్‌లో చెట్ల బారు మధ్య బస్సులో వెళుతుంటే సరిగ్గా ఇదే జరిగింది. దాన్ని మళ్ళీ మళ్ళీ చూడటానికి వెలుగు మిణుకుమనే యంత్రమే తయారైంది తర్వాత. సెకనుకి పది సార్ల చుట్టుపక్కల మిణుకుమంటే ఆకారాలు బాగా కనబడతాయి. ఫిట్స్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ సరదా జోలికి పోకూడదు, మిణుకు వెలుగుకి ఫిట్స్ వచ్చే మనుషులున్నారు.

గోడలు ఊపిరి తీసుకోవడం

వీ-వన్ దాటాక ఒక్కో భాగానికి ఒక్కో పని. రంగు చూసే చోటు వేరు, కదలిక చూసే చోటు వేరు, ముఖాలని గుర్తుపట్టే చోటు వేరు. అలజడి కదలిక చూసే భాగానికి చేరితే కదలని గోడ కదులుతుంది, కదిలే చెయ్యి వెనక తోకలు మిగులుతాయి. ముఖాల భాగానికి చేరితే కర్టెన్ మడతల్లో ముఖాలు కనబడతాయి. మబ్బుల్లో ముఖాలు చూడటం అందరికీ అలవాటే, ఇక్కడ ఆ పని హద్దు దాటుతుంది.

2016లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో రాబిన్ కార్హార్ట్-హారిస్ బృందం 20 మందికి ఎల్‌ఎస్‌డి ఇచ్చి మెదడుని స్కాన్ చేసింది. కళ్ళు మూసుకునే ఉన్నా వీ-వన్‌కి రక్తప్రవాహం పెరిగింది. మామూలుగా దానితో పెద్దగా మాటామంతీ లేని భాగాలు కూడా దానితో కలిసి పనిచేయడం మొదలైంది. ఈ మార్పు ఎవరిలో ఎక్కువగా ఉందో వాళ్ళే భ్రాంతులు ఎక్కువగా కనబడ్డాయని చెప్పారు. సెకనుకి 8 నుంచి 12 సార్లు ఊగే ఆల్ఫా అనే మెదడు తరంగాలు బాగా తగ్గాయి. ఇవి మామూలుగా కళ్ళు మూసుకున్నప్పుడు బలపడి, పైపొరలోని చూపు భాగాన్ని కాస్త అణిచి ఉంచుతాయి. 2020లో డీఎంటీ అనే ఇంకో భ్రాంతి రసాయనం మీద చేసిన ప్రయోగంలో ఇంకా స్పష్టమైన సంగతి తెలిసింది. కళ్ళు తెరిచి చూస్తున్నప్పుడు మెదడు తరంగాలు వెనక నుంచి ముందుకి ప్రయాణిస్తాయి. కళ్ళు మూసుకుంటే ముందు నుంచి వెనక్కి వచ్చేవి పెరుగుతాయి. డీఎంటీ ఇచ్చినప్పుడు కళ్ళు మూసుకునే ఉన్నా తరంగాలు వెనక నుంచి ముందుకే సాగాయి. మెదడు దృష్టిలో వాళ్ళు నిజంగానే చూస్తున్నారు.

దీన్నిబట్టి 2019లో కార్హార్ట్-హారిస్, కార్ల్ ఫ్రిస్టన్ అనే ఇంకో మెదడు శాస్త్రవేత్త కలిసి ఒక వాదన ముందుకు తెచ్చారు. ఈ రసాయనాలు మెదడు అంచనాల పట్టు సడలిస్తాయని, అప్పుడు కింది నుంచి వచ్చే ప్రతి చిన్న అలజడీ నిజంలా చలామణీ అవుతుందని. బావుంది గానీ, దీనికి ఎదురు నిలిచే సంగతులూ ఉన్నాయి. అదే ఏడాది ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఈ జాతి రసాయనం ఇచ్చాక వీ-వన్ న్యూరాన్లు బయటి దృశ్యానికి స్పందించే తీరు పెరగలేదు, తగ్గింది. కంటి కబురే బలహీనపడితే లోపలి అంచనా పైచేయి అయినట్టు కదా. నాకు తోచినంతవరకు ఈ రెండూ కలిసే జరుగుతాయి. కబురు మసకబారుతుంది, అంచనాకి నిలకడ పోతుంది, మధ్యలో పైపొర సొంత అలజడి బొమ్మలుగా తేలుతుంది. శాస్త్రవేత్తల మధ్య ఈ వాదన ఇంకా నడుస్తోంది.

ఉమ్మెత్త దారి వేరు

ఉమ్మెత్తకి సెరటోనిన్‌తో పనిలేదు. అందులో అట్రోపిన్, స్కోపోలమిన్, హయోసయమిన్ అనే పదార్థాలుంటాయి. ఇవి అసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనానికి అడ్డం పడతాయి. మెదడులో అసిటైల్‌కోలిన్ చేసే పనుల్లో ముఖ్యమైనది ఒకటుంది: బయటి నుంచి వచ్చే కబురుకి విలువివ్వమని పైపొరకి చెప్పడం, ధ్యాస నిలపడం. దానికి అడ్డం పడితే కంటి కబురుని పట్టించుకునేవాడే లేడు. జ్ఞాపకాల్లోంచి, అలవాట్లలోంచి పుట్టిన అంచనా ఒంటరిగా నిలబడి లోకమై కూర్చుంటుంది. అందుకే ఉమ్మెత్త తిన్నవాడికి సుడులూ గళ్ళూ కాకుండా తెలిసిన మనుషులు, రోజూ చేసే పనులు, చీమలు, పురుగులు కనబడతాయి. కబురుతో పోల్చి "ఇది నిజం కాదు" అని చెప్పాల్సిన యంత్రాంగమే పడుకుంది కాబట్టి అనుమానం రాదు. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కూడా అసిటైల్‌కోలిన్ కావాలి, అందుకే తేరుకున్నాక అతనికి చాలావరకు ఏమీ గుర్తుండదు.

ఒంట్లో కూడా అదే రసాయనం ఎన్నో పనులు చేస్తుంది కాబట్టి ప్రమాదం చూపుతో ఆగదు. నోరు ఎండిపోతుంది, చెమట పట్టదు, ఒళ్ళు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం ఆగిపోతుంది, కంటిపాప పెద్దదై వెలుగు చూడలేరు. ప్రాణం పోయే అవకాశం నిజంగా ఉంది. మొక్క మొక్కకీ, ఆకుకీ గింజకీ విషం పాళ్ళు మారుతుంటాయి, ఇంతవరకు తింటే ఏం కాదనే హద్దు ఎవరూ చెప్పలేరు. 2020 ఏప్రిల్‌లో, కరోనా భయం పట్టి ఉన్న రోజుల్లో, టిక్‌టాక్ వీడియో నమ్మి చిత్తూరు జిల్లాలో రెండు కుటుంబాలవాళ్ళు ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. కాయ కోసిన చేత్తో కన్ను నులుముకుంటే చాలు, ఆ ఒక్క కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. పెద్దవాళ్ళు చేతులు కడుక్కోమనేది అందుకే.

ఇదే అట్రోపిన్ మన డెల్టాలో ప్రాణాలు కూడా నిలబెడుతోంది. వరిచేలకి కొట్టే పురుగుమందుల్లో ఒక జాతి ఆర్గానోఫాస్ఫేట్లు. అవి ఒంట్లోకి వెళితే అసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా పోగుపడుతుంది. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీరు. విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్లు, ఊపిరితిత్తులు తేటపడేదాకా మళ్ళీ మళ్ళీ. ఒక్కోసారి మోతాదు అవసరం దాటినప్పుడు రోగి దుప్పటి పీకుతాడు, గాలిలో పురుగుల్ని ఏరుతాడు, లేనివాళ్ళని పిలుస్తాడు. పక్కనున్న కుటుంబం "విషం మెదడుకెక్కింది, పిచ్చివాడైపోయాడు" అని గుండెలు బాదుకుంటుంది. చాలాసార్లు అది అట్రోపిన్ ఎక్కువై వచ్చిన భ్రాంతే, మోతాదు తగ్గిస్తే సర్దుకుంటుంది. అది డాక్టర్లు తేల్చాల్సిన సంగతి గానీ, ఇలా జరుగుతుందని ఆ కుటుంబానికి ఎవరైనా రెండు ముక్కల్లో ముందే చెబితే ఎంత ధైర్యమో.

వయసు పైబడినవాళ్ళలో వచ్చే లూయీ బాడీ డిమెన్షియా అనే జబ్బులో కూడా మెదడులో అసిటైల్‌కోలిన్ బాగా తగ్గిపోతుంది. వాళ్ళకి కనబడేవి కూడా పిల్లలు, జంతువులు, గదిలో నిలబడ్డ మనుషులే. అసిటైల్‌కోలిన్‌ని పెంచే రివాస్టిగ్మిన్ లాంటి మందులతో కొందరికి ఇవి తగ్గుతాయి. వీళ్ళకి హాలోపెరిడాల్ లాంటి మానసిక వ్యాధుల మందులు ప్రాణాంతకం కూడా కావొచ్చు, అందుకే తెలిసిన డాక్టరు చూడకుండా "నిద్రమాత్ర" పేరుతో ఏదో ఒకటి వేయడం తప్పు. వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, కొన్ని జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్ళకి ఇచ్చే కొన్ని మందులు అసిటైల్‌కోలిన్‌కి అడ్డం పడే జాతివే. కొత్త మాత్ర మొదలుపెట్టిన వారంలో తాతయ్యగారు లేని మనుషులతో మాట్లాడుతుంటే ముందుగా చూడాల్సింది ఆ మాత్రల డబ్బా.

ఏ మందూ లేకుండానే

చార్లెస్ బొనె అనే స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త 1760లో తన తాతగారి సంగతి రాశాడు. శుక్లాలతో చూపు బాగా తగ్గిన ఆ పెద్దాయనకి మనుషులు, పక్షులు, బళ్ళు, భవనాలు కనబడేవి. మతి పూర్తిగా నిలకడగా ఉంది, అవి లేవని ఆయనకి తెలుసు. ఈ స్థితికి ఇప్పుడు బొనె పేరే పెట్టారు. కంటి కబురు సన్నగిల్లినప్పుడు చూపు భాగాలు వాటంతటవే వెలగడం దీనికి కారణం. 1998లో లండన్‌లో ఇలాంటి రోగుల్ని స్కాన్ చేస్తే, రంగులు కనబడుతున్నవాళ్ళకి రంగుల భాగం, ముఖాలు కనబడుతున్నవాళ్ళకి ముఖాల భాగం వెలిగాయి. మందు వేసిన మెదడులో జరిగే పనే, మందు లేకుండా.

మన ఊళ్ళలో శుక్లాలు ముదిరినా ఆపరేషన్ వాయిదా వేసుకునే మామ్మలు, షుగర్‌తో రెటీనా పాడైన తాతలు ఎంతమంది! పెరట్లో పట్టులంగాల పిల్లలు ఆడుకుంటున్నారని చెబితే మతి చెడిందంటారేమో, పోయినవాళ్ళు పిలుస్తున్నారంటారేమో అని చాలామంది నోరు విప్పరు. చూపు తగ్గిన పెద్దవాళ్ళని ఇంట్లోవాళ్ళో, ఆశా కార్యకర్తో "మామ్మగారూ, మీకు ఏవైనా బొమ్మలూ మనుషులూ కనబడుతున్నారాండీ? కంటిచూపు తగ్గినవాళ్ళకి అలా కనబడటం మామూలేనండి" అని అడిగితే చాలు, వాళ్ళ భయం సగం పోతుంది. లైటు వేయడం, రెప్పలు ఆర్పడం, చూపు అటూ ఇటూ తిప్పడం లాంటివి చేస్తే బొమ్మ మాయం కావొచ్చు. శుక్లం తీశాక చాలామందికి ఇవి ఆగిపోతాయి.

రోజూ బాగా తాగే అలవాటున్న మనిషి ఉన్నట్టుండి మానేసినప్పుడు రెండోరోజు నుంచి నాలుగోరోజు మధ్యలో వచ్చే భ్రాంతులు వేరే జాతి. చేతులు వణకడం, చెమటలు, మంచం మీద పాములు, పురుగులు. ఇన్నాళ్ళూ సారా అణిచి ఉంచిన మెదడు ఒక్కసారిగా పట్టు తప్పుతుంది. దీన్ని ఇంట్లో చూసుకోవడం కుదరదు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు.

ఎల్‌ఎస్‌డి, సైలోసిబిన్ లాంటివి మన దేశంలో మత్తుమందుల మీద తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. ఎల్‌ఎస్‌డి గ్రాములో పదోవంతు దొరికితే దాన్ని వ్యాపార మోతాదుగానే లెక్కిస్తారు. డిప్రెషన్‌కి సైలోసిబిన్ పనికొస్తుందా అని విదేశాల్లో డాక్టర్ల పర్యవేక్షణలో పరిశోధనలు జరుగుతున్నాయి. కాలేజీ హాస్టల్ గదిలో ఎల్‌ఎస్‌డి అంటూ ఎవరో ఇచ్చిన కాగితం ముక్క నాలుక మీద పెట్టుకోవడానికీ దానికీ సంబంధం లేదు, ఆ ముక్కలో అసలు ఏముందో ఇచ్చినవాడికే తెలియదు. కొందరికి మత్తు దిగాక కూడా చూపు పూర్తిగా మామూలుకి రాదు. కంటి ముందు పాత టీవీ తెరలా చుక్కలు, కదిలే వస్తువుల వెనక తోకలు నెలల తరబడి మిగిలిపోతాయి.

ఎవరైనా ఏదో తిని లేనివి చూస్తుంటే 108కి ఫోన్ చేయండి. తిన్న మొక్క ముక్కో, కాయో, మాత్రల అట్టో దొరికితే ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. ఎల్‌ఎస్‌డి అయినా, ఉమ్మెత్త అయినా, పురుగుమందు అయినా డాక్టరు దగ్గర దాచకండి, ఒకదాని విరుగుడు ఇంకోదానికి పనికిరాదు. అంబులెన్స్ వచ్చేదాకా మనిషిని నీళ్ళకీ, రోడ్డుకీ, డాబా అంచుకీ దూరంగా, కాస్త వెలుతురున్న గదిలో, తెలిసిన గొంతు వినబడేలా కూర్చోబెట్టండి. ఆయనకి కనబడేవి లేవని వాదించకండి, కట్టేయకండి, పెరుగో నిమ్మరసమో బలవంతంగా పోయకండి. ఉమ్మెత్త అయితే ఒకటి రెండు రోజుల్లో మనిషి తేరుకున్నా కంటిపాప ఇంకొన్నాళ్ళు పెద్దగానే ఉండొచ్చు. ఎండ చూడలేరు, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. అది తగ్గేదాకా బండి తాళాలు ఇవ్వకండి.